మద్దిలేటి తెచ్చిన జ్వరం

ఆళ్లగడ్డలో రైతుల వీధికి ఒక పేరుండేది. మాటకన్నా ముందు చెయ్యి లేచే వీధి అది. గట్టు తగాదా వస్తే తాత నుంచి మనవడి దాకా కట్టెలు పట్టుకుని బయటికి వచ్చేవారు. అట్లాంటి వీధిలో పుట్టి మద్దిలేటి ఉరుముకు భయపడ్డాడు, బావికి భయపడ్డాడు, సొంత ఎద్దు తల విదిలిస్తే వెనక్కి గెంతాడు. తండ్రి లేడు. అన్నా చెల్లెలూ చిన్నతనంలోనే చలిజ్వరంతో పోయారు. ముగ్గురు పిల్లల్లో మిగిలిందే ఒకడు, ఆ ఒక్కడూ ఇట్లా తయారయ్యాడని వీధిలో నవ్వుకునేవారు. తల్లి ఓబులమ్మ మాత్రం నవ్వేది కాదు. భయం ఉన్నవాడు నాలుగు కాలాల పాటు బతికి ఉంటాడని ఆమె నమ్మకం.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన ఏడాది నంద్యాలలో మలేరియా సర్వే ఆఫీసు తెరిచారు. దోమలు పట్టేవాళ్లు కావాలన్నారు. స్కూలు ఫైనలు తప్పి ఇంట్లో కూర్చున్న మద్దిలేటిని ఓబులమ్మ చెయ్యి పట్టుకుని తీసుకుపోయి అప్పజెప్పింది. ఉద్యోగం పేరు ఇన్సెక్ట్ కలెక్టరు. అందులో మొదటి మాట ఆమెకు నోరు తిరగలేదు, రెండోది బాగానే తిరిగింది. కొడుకు కలెక్టరయ్యాడని వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా చెప్పుకుని వచ్చింది. శెట్టి అంగట్లో ఆ నవ్వు చాలాకాలం ఆగలేదు.

కానీ ఆ పనికి మద్దిలేటిని మించినవాడు దొరకలేదు. పొద్దు గూకే వేళ కాలువ ఒడ్డు ఊళ్లలో, పశువుల పక్కన, పంచె మోకాళ్ల పైకి లాక్కుని కూర్చోవాలి. దోమ వచ్చి కాలి మీద వాలాలి. అది కుట్టేలోపల గాజు గొట్టం దాని మీద మోపి, రబ్బరు పైపుతో గొట్టంలోకి పీల్చాలి. కాలు కదిలితే దోమ రాదు. మీసాలు మెలేసే మగవాళ్లంతా ఈ పనిలో ఓడిపోయారు, కాసేపటికే ఫట్టుమని తొడ మీద కొట్టుకునేవారు. భయంతో బిగుసుకుపోయి కూర్చోవడం మద్దిలేటికి పుట్టుకతో వచ్చిన విద్య. ఆఫీసు పెద్ద డాక్టరు శాంతయ్య అది చూసి ముచ్చటపడ్డాడు. ఆ ముచ్చటే మద్దిలేటి కొంప ముంచింది.

యాభై ఐదు చివర్లో శాంతయ్యను అండమాన్ దీవుల్లో ఒక పరిశోధనకు రమ్మన్నారు. అక్కడి అడవిలో ఏ పిట్టలున్నాయి, ఏ జంతువులున్నాయి, ఏ దోమలున్నాయి, వాటికీ అక్కడి మనుషుల జ్వరాలకూ ఏం సంబంధమో కనిపెట్టాలి. నాతో వస్తావా అని ఆయన మద్దిలేటిని అడిగాడు. రానని చెప్పడానికి భయపడి మద్దిలేటి వస్తానన్నాడు.

ఆళ్లగడ్డకు అండమాన్ అంటే తెలిసింది ఒక్కటే, కాలాపానీ. ఆ వీధి నుంచి అక్కడికి వెళ్లినవాళ్లు పూర్వం ఇద్దరున్నారు, ఇద్దరూ తలకాయలు నరికి వెళ్లినవాళ్లే. ఎవరినీ నరకకుండా ప్రయాణమైన మొదటివాడు మద్దిలేటి. భార్య జయమ్మకు అప్పుడు నెలలు నిండుతున్నాయి. ఆమె ఏడవలేదు, జొన్నరొట్టెలు మూటగట్టి చేతికిచ్చింది. ఓబులమ్మ యాగంటికి నడిచి వెళ్లి, కొడుకు తిరిగి రావాలని, పుట్టే బిడ్డకు ఆ దేవుడి పేరు పెడతానని మొక్కుకుంది.

దీవిలో మద్దిలేటి భయాలకు కొదవ లేకపోయింది. సముద్రానికి భయం, జలగలకు భయం, ఆకాశం కనిపించనివ్వని ఆ చెట్లకు భయం. గుంపులో ఒకాయన వలలు కట్టి పిట్టల్ని పట్టేవాడు, ఒకాయన గబ్బిలాల వెంట తిరిగేవాడు, మద్దిలేటి కాళ్లు చాపుకుని దోమల కోసం కూర్చునేవాడు. అడవి అంచున కూర్చుంటే గొట్టంలోకి అరకొరగా దోమలు వచ్చేవి. చెట్లు కొట్టి కొత్తగా గుడిసెలు వేసుకున్న చోట కూర్చుంటే దోమలతో కాళ్లు నల్లబడేవి. ఎందుకట్లా అని శాంతయ్యను అడిగితే, అడవిలో దోమకు పందులున్నాయి, జింకలున్నాయి, పిట్టలున్నాయి, ఇక్కడ మనిషి తప్ప ఇంకేముందని ఆయన ఎదురు అడిగాడు. జంతువును తరిమేస్తే దోమ ఉపవాసం ఉండదు మద్దిలేటీ అన్నాడు. ఆ మాట మద్దిలేటి మనసులో ముల్లులా దిగింది.

దాన్ని మించిన భయం ఇంకొకటి పట్టుకుంది. ఆ గుడిసెల్లో ఒకామె ఉండేది. రాయిలాంటి మనిషి, ఒక్కనాడు కూడా మూలిగి ఎరగదు. ఆమె పసిబిడ్డ చలిజ్వరంతో పోయాడు. అందరితో పాటు ఆమె నెత్తురూ తీసి చూస్తే అందులో జ్వరం పురుగు నిండుగా ఉంది. పైకి ఏ జబ్బూ లేని మనిషి లోపల జ్వరాన్ని మోస్తుందని, దోమ ఆమెను కుట్టి పక్కనున్న బిడ్డను కుడితే చాలునని శాంతయ్య వివరించాడు. అప్పటికే మద్దిలేటి దీవిలో జ్వరంతో పడి లేచాడు. ఇంటికాడ తను ఇంకా చూడని కూతురు పుట్టి ఉంది.

యాభై ఏడు దసరాకు ముందు శాంతయ్యతో పాటే తిరుగు ప్రయాణమయ్యాడు. స్టీమరు ఎక్కేముందు మాత్రలన్నీ మింగించారు, నెత్తురు పరీక్ష చేసి బాగుందన్నారు. మద్దిలేటి నమ్మలేదు. మద్రాసులో దిగాడు, నంద్యాలలో రైలు దిగాడు, ఆళ్లగడ్డ బస్సెక్కాడు, దారి పొడుగునా అరచేత్తో నుదురు తాకి చూసుకుంటూనే ఉన్నాడు.

ఇల్లు చూసి నోరు తెరిచాడు. మిద్దె లోపలా బయటా సున్నంతో తళతళలాడుతోంది. సముద్రం దాటి వచ్చే కొడుకు మైలపడిన ఇంట్లో అడుగు పెట్టకూడదని, కాలాపానీ దోషం గడప దాటి రాకూడదని ఓబులమ్మ దగ్గరుండి వెల్ల వేయించింది. ఆ చుట్టుపక్కల మిద్దెల్లో ఎద్దులు కూడా ఇంట్లోనే ఉంటాయి, గడప దాటగానే వాటిని కట్టేసే గాటిపాట, దాని ఆవల మనుషులు పడుకునే ఎత్తు అరుగు. బంధువులకు బంతి భోజనాలు పెట్టాలి గనక ఓబులమ్మ ఎద్దుల్ని కాలువ అవతలి కళ్లానికి తోలించి, గాటిపాటంతా మట్టి పోయించి చదును చేయించింది. దోమల మందు కొట్టేవాళ్లు వేసవి పోతూనే వచ్చి గోడలంతా కొట్టి వెళ్లారట. ఆ మరకలతో ఇల్లు బొల్లి పట్టినట్లుందని, అవి కనపడకుండా రెండు పూతలు వేయించానని ఆమె సంబరంగా చెప్పింది.

మద్దిలేటి గోడ మీద చెయ్యి వేసి తీయలేకపోయాడు. మందు సున్నం కింద పడి చచ్చింది. ఎద్దులు లేవు. దీవిలో కొత్త గుడిసెలు కళ్లముందు మెదిలాయి. మందు కొట్టేవాళ్లు మళ్లీ వచ్చేదాకా ఆగడం తప్ప దారి లేదు. పోనీ ఎద్దుల్నయినా తోలుకొద్దామంటే, వచ్చినవాళ్లందరి ముందు తల్లి చేసింది తప్పని నోరు తెరిచి చెప్పాలి. ఆమె పండగ మొహం చూసి ఇల్లు బాగుందన్నాడు. రేపు చెబుదాం అనుకున్నాడు. పిరికివాళ్లకు రేపటిని మించిన చుట్టం లేదు.

అతను కూర్చోగానే జయమ్మ బిడ్డను తెచ్చి ఒళ్లో పెట్టబోయింది. పేరు ఉమ, యాగంటి మొక్కు పేరే, బుడిబుడి నడకల పిల్ల, తండ్రి చొక్కా గుండీ పట్టుకుంది. మద్దిలేటి పామును చూసినట్లు లేచి నిలబడ్డాడు. వీధి వీధంతా చూస్తుండగా కూతుర్ని ముట్టుకోకుండా బయటి అరుగు మీదికి పోయి కూర్చున్నాడు.

పొద్దు గూకితే చాలు, దీపం పట్టుకుని తెల్లటి గోడల్ని వెతికేవాడు. కనపడేవి. తోక పైకెత్తి తల కిందికి దించి వాలిన చలిజ్వరం దోమలు, అతనికి కన్నబిడ్డలంత గుర్తున్న ముఖాలు. పట్టినన్ని పట్టేవాడు. మళ్లీ వచ్చేవి. తను మాత్రం ఇంట్లో పడుకోడు. అరుగు మీద, దుప్పటి తల నుంచి కాళ్ల దాకా చుట్టుకుని, తనను కుట్టిన దోమ లోపలికి పోతుందేమోనని చెవులు రిక్కించి ఉండేవాడు. దీవిలో ఇంకో సంసారం పెట్టి వచ్చాడని శెట్టి అంగట్లో తేల్చేశారు. జయమ్మ కూడా ఆ అనుమానంతోనే కొన్నాళ్లు అన్నం కంచం విసురుగా పెట్టింది.

దసరా దాటింది. ఒక మధ్యాహ్నం ఉమ ఆడుతూ ఆడుతూ నేల మీద ముడుచుకుపోయి వణకడం మొదలుపెట్టింది. ఎండలో పండబెట్టినా వణుకు తగ్గలేదు. ఆ తర్వాత ఒళ్లు పెనంలా కాలింది, కళ్లు తేలవేసింది. ఓబులమ్మ బిడ్డను చూసి చతికిలబడింది. అవే పళ్లు కొట్టుకోవడాలు, అవే గోళ్లు నీలమవడాలు, ఆమె ఇంతకుముందు రెండుసార్లు చూసింది.

నంద్యాల బస్సులో జయమ్మ బిడ్డను పట్టుకుంది, మద్దిలేటి వాళ్లకు దూరంగా డ్రైవరు వెనక కూర్చున్నాడు. బస్సు ఆగినచోటల్లా వెనక్కి తిరిగి బిడ్డ పొట్ట ఎగిరి పడుతోందా లేదా అని చూశాడు. తానే చంపుకుంటున్నానని అతనికి రూఢి అయిపోయింది. ఇంతకాలం భయపడినవన్నీ ఉత్తవే, అసలు భయం ఇదీ అనుకున్నాడు.

నంద్యాల ఆసుపత్రిలో శాంతయ్యే స్వయంగా వచ్చి బిడ్డకూ తండ్రికీ నెత్తురు తీసుకున్నాడు. బిడ్డకు మందు మొదలుపెట్టారు. రెండు రోజులు ఇటో అటో అన్నట్లే ఉంది. వెనకాలే వచ్చిన ఓబులమ్మ వసారాలో స్తంభానికి ఆనుకుని పచ్చినీళ్లు కూడా ముట్టకుండా కూర్చుంది. మూడోనాడు తెల్లారేసరికి ఉమ చెమటలు పోసి, కళ్లు తెరిచి అమ్మను అడిగింది.

అప్పుడు శాంతయ్య మద్దిలేటిని పక్కకు పిలిచాడు. అతని నెత్తురు మళ్లీ మళ్లీ చూశానని, అందులో ఏమీ లేదని చెప్పాడు. కాలువ పనికి వచ్చిన కూలీల్లో జ్వరాలున్నాయి, దోమలు అక్కడి నుంచి మోసుకొచ్చినవే. మీ ఇంటి గోడలకు మందు కొట్టలేదా అని అడిగాడు. మద్దిలేటి సున్నం సంగతి, ఎద్దుల సంగతి చెప్పాడు. డాక్టరుకు కోపం వచ్చింది. తానే ఆళ్లగడ్డ వచ్చి వీధిలో అందరినీ కూర్చోబెట్టి, సున్నం కొడితే ఏమవుతుందో ఈ బిడ్డనే చూపించి చెబుతానన్నాడు.

మద్దిలేటి వసారా వైపు చూశాడు. ముగ్గురు బిడ్డల్ని కని ఇద్దరిని మట్టిలో పెట్టిన మనిషి ఆమె. మూడో చావు తన చేతి సున్నంతోనే గడప దాకా వచ్చి పోయిందని తెలిస్తే ఏమవుతుందో అతను ఊహించలేకపోయాడు. తన నెత్తురు మంచిదేనన్న సంతోషం అతనికి ఒక్క నిమిషం కూడా దక్కలేదు.

"సార్, మాయమ్మకు ఆ మాట చెప్పొద్దండి. నేనే చెప్తా. అండమాన్ నుంచి జరం నేనే తెచ్చినా అని చెప్తా."

శాంతయ్య అతన్ని వింతగా చూశాడు.

"అది అబద్ధం మద్దిలేటీ. ఊరంతా నిన్ను చూసి పారిపోతుంది."

"పారిపోనీండి సార్. నాకు భయపడితే గోడలకు మందు కొట్టిచ్చుకుంటారు, సున్నం జోలికి పోరు. మీకు కావాల్సిందీ అదే గదా."

డాక్టరు అద్దాలు తీసి తుడుచుకుని, అయితే తాను ఆళ్లగడ్డకు రానన్నాడు.

ఓబులమ్మ కొడుకు చెప్పిందంతా విన్నది. జ్వరం అతని నెత్తుట్లో ఉందని, దోమలు అతన్ని కుట్టి బిడ్డను కుట్టాయని, ఇకమీదట గోడలకు మందు ఉండి తీరాలని, దాని మీద ఎవరూ సున్నం వేయకూడదని, ఎద్దుల్ని మళ్లీ గాటిపాటలో తనకూ బిడ్డకూ మధ్య కట్టాలని. ఆమె వెంటనే అడిగింది.

"అయితే నా సున్నం వల్ల గాదు గదా నాయనా?"

ఆ అనుమానం ఆమెకూ వచ్చిందన్నమాట.

"కాదమ్మా. నావల్లే."

అప్పటిదాకా అతని తల మీద ఉన్న ఆమె చెయ్యి మెల్లగా వెనక్కి పోయింది. ఆమె లేచి జయమ్మ దగ్గరికి వెళ్లి, బిడ్డ మీద కొంగు కప్పి, కొడుక్కి వీపు పెట్టి కూర్చుంది.

అట్లా ఆళ్లగడ్డలో అందరికన్నా పిరికివాడు అందరినీ భయపెట్టేవాడయ్యాడు. పొద్దు వాలే వేళ అతను వీధిలో నడిస్తే తల్లులు పిల్లల్ని లోపలికి లాక్కునేవారు. కొడవళ్లకు బెదరని మగవాళ్లు అతనికి దారి వదిలి పక్కకు తప్పుకునేవారు. మందు కొట్టేవాళ్లు వస్తే మునుపు తలుపులు మూసుకున్న ఇళ్లన్నీ బార్లా తెరుచుకున్నాయి, పెళ్లిళ్లొచ్చినా లోపలి గోడలకు సున్నం పడలేదు. ఆ వీధిలో చలిజ్వరం తగ్గుతూ వచ్చింది. శాంతయ్య సంతోషించాడు. మద్దిలేటి సాయంత్రం కంచం బయటి అరుగు మీదికే వచ్చేది. తల్లి దాన్ని అక్కడ పెట్టి, చెయ్యి తగలకుండా వెనక్కి జరిగేది. జయమ్మ ఒక్కతే ఒకసారి అడిగింది, ఆ జ్వరం అతని నెత్తుట్లోనే ఉంటే తనకెందుకు రాలేదని. అతను కంచం కడగడానికి లేచాడు, ఆమె మళ్లీ అడగలేదు. ఉమను మాత్రం ఓబులమ్మ కంటికి రెప్పలా కాచింది. తను కనిపెట్టుకుని ఉండబట్టే మనవరాలు దక్కిందని చెప్పుకుని మురిసేది. మద్దిలేటి ఔనమ్మా అనేవాడు. అతనికి ఇప్పుడు మిగిలిన భయం ఒకటే, ఆమెకు నిజం తెలుస్తుందేమోనని.

అరవైలో వానలు మొదలయ్యే రోజుల్లో మందు కొట్టడానికి సంజీవయ్య అనే కొత్తతను వచ్చాడు, పాణ్యం వైపు మనిషి. ఓబులమ్మ అతనికి మజ్జిగ ఇచ్చింది. అతను తాగుతూ, ఈ మందు మీద సున్నం వేయొద్దని, పేడ అలకొద్దని అన్ని ఇళ్లలో చెప్పే మాటే చెప్పాడు. సున్నం కొట్టిన ఇళ్లలోనే జ్వరాలు లేస్తాయన్నాడు. ఎద్దులు ఇంట్లో ఉండటం మేలేనని, దోమలు వాటి మీదికి పోతాయని కూడా చెప్పాడు.

ఓబులమ్మ, మద్దిలేటి లేని ఊళ్లల్లో కూడానా అని అడిగింది.

మద్దిలేటి అంటే ఎవరవ్వా అన్నాడు సంజీవయ్య.

ఆ సాయంత్రం ఆమె కంచం తెచ్చి అరుగు మీద పెట్టి, వెనక్కి జరగలేదు. కొడుకు పక్కనే కూర్చుంది. మద్దిలేటికి ఆమె మొహం చూడగానే అర్థమైంది. ఆమె పడిపోతుందేమో, గుండెలు బాదుకుంటుందేమో, బావి వైపు పరిగెత్తుతుందేమోనని లేవబోయాడు.

"కూర్చో. సున్నం కొట్టిచ్చింది నేను, నిన్ను బయట పండబెట్టింది నేను. ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదప్పా?"

"నీకేమన్నా అయితాదని భయమేసిందమ్మా."

"ఇద్దరు బిడ్డల్ని పూడ్చినా. అప్పుడే ఏమీ కాలేదు నాకు. నిజానికే అయితాదా?"

ఆమె ఏడ్చింది, కానీ పడిపోలేదు. కొడుకు తల మీద చెయ్యి వేసి నిమిరింది. ఎందుకు భయపడి ఎన్నేళ్లు పోగొట్టుకున్నాడో అప్పుడు తెలిసి మద్దిలేటి చిన్నపిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె లోపలికి వెళ్లి, ఎద్దుల పక్కగా ఉమను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, తండ్రి ఒళ్లో కూర్చోబెట్టింది.

ఉమ కెవ్వుమంది. పొద్దు గూకాక నాయన దగ్గరికి పోతే జ్వరమొస్తుందని ఆ పిల్లకు మాటలు నేర్పినప్పటి నుంచీ నేర్పారు. పెనుగులాడి, ఒళ్లోంచి జారి, గడప దాటి గాటిపాటలోకి పరిగెత్తి ఎద్దు వెనక దాక్కుంది. పిలిచిన కొద్దీ వెనక్కి పోయింది. ఓబులమ్మ మళ్లీ పట్టుకురాబోతే మద్దిలేటి వద్దని తల ఊపాడు.

ఎద్దు కాళ్ల సందు నుంచి రెండు కళ్లు అతన్నే చూస్తున్నాయి. అతను ఆ వైపు తిరిగి, ఒడి ఖాళీగా పెట్టుకుని, చేతులు రెండూ మోకాళ్ల మీద ఆనించి, కాలువ ఒడ్డున దోమ కోసం కూర్చున్నట్లే కదలకుండా కూర్చున్నాడు.